మూడో గీత మీద పేరు

మార్చి 11, 1957, సోమవారం

మా రేసు కుక్క పిసరు నమోదు కార్డు వచ్చింది. పోస్ట్‌మన్ వచ్చేసరికి వాకిట్లో నేనే ఉన్నాను కాబట్టి సరిపోయింది. ఇప్పుడది పరుపు కింద ఉంది. ఈ నోటుబుక్కు కూడా అక్కడే ఉంటుంది. వంటలు రాసుకుంటానని చెప్పి కొనుక్కున్నాను దీన్ని.

కార్డులో అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆడది, ముదురు చారలు, రొమ్ము మీద తెల్ల మచ్చ, పుట్టింది కిందటేడు ఫిబ్రవరిలో. పద్దెనిమిది గోళ్ళ రంగులూ వరసగా ఉన్నాయి. కుక్కల రేసుల ఆఫీసు మనిషి వచ్చి పిసరుని మా వంటింటి బల్ల మీద నిలబెట్టి, ఒక్కో కాలూ ఎత్తి రాసుకుని వెళ్ళాడు. కుడి వెనక కాలి చివరి గోరు తెలుపు. అదీ ఉంది.

పేరు దగ్గరే వచ్చింది చిక్కు.

పేరు: నోనీ గిన్నెలు.

నోనీ అంటే మా అత్తగారు.

ఎలా జరిగిందో రాసి చూసుకుంటే అంత తప్పుగా కనిపించదేమో. ఆ ఫారంలో ఒక్కో కుక్కకీ మూడు గీతలుంటాయి. మూడు పేర్లు రాయాలి. మొదటి పేరు ఇంతకు ముందే ఇంకో కుక్కకి ఉంటే రెండోది ఇస్తారు. అదీ ఉంటే మూడోది. ఒకసారి ఇచ్చాక ఇక మార్చరు. మామగారు కాన్ కళ్ళజోడు లేకపోతే చదవలేరు, ఉన్నా రాయరు. ఆయన పొయ్యి దగ్గర కూర్చుని చెప్తుంటే నేను రాశాను. ఐదు కుక్కలు. మెరుపు రాణి అన్నారు, మా ఇంటిపేరు కలిపి ట్వోహీ గాలి అన్నారు, కొండ మీద పిడుగు అన్నారు. పది పేర్లు అయ్యేసరికి ఆయన దగ్గర పిడుగులు అయిపోయాయి.

"మూడో గీత మీద నీకేది తోస్తే అది రాసెయ్ అమ్మాయ్. ముప్ఫై ఏళ్ళ నుంచి కుక్కల్ని పెంచుతున్నాను. మూడో గీత దాకా దిగజారిన కుక్క ఈ ఇంట్లో పుట్టలేదు" అని పైపు ముట్టించుకున్నారు.

నాలుగింటికి పువ్వుల పేర్లు రాశాను, మర్యాదగానే. ఐదోది పిసరు. ఆ పొద్దున నేను కుక్కల కుండలో పొయ్యాల్సిన గొర్రె తలకాయ పులుసుని పందుల తొట్లో పోశాను. అత్తగారికి కోపం వస్తే మాట్లాడరు. ఆవిడ తరఫున గిన్నెలు మాట్లాడతాయి. నేను రాస్తున్నంతసేపూ నా వీపు వెనకాల అవి మాట్లాడుతూనే ఉన్నాయి. చెయ్యి దానంతటదే రాసేసింది.

నాకు ఆవిడ మీద కోపం ఏమీ లేదు.

రాసి చూసుకున్నాను. అంతే తప్పుగా ఉంది.

మార్చి 12

నాకు ఆవిడ మీద కోపం ఏమీ లేదు. ఇవాళ నన్ను రొట్టె పిండి కలపమన్నారు. పెళ్ళయి పదిహేడు నెలలు. ఇదే మొదటిసారి.

"నీ చేతులు చల్లగా ఉంటాయి. రొట్టెకి చల్లటి చెయ్యి మంచిది" అన్నారు.

ఇన్నాళ్ళలో ఆవిడ నాతో అన్న అతి పొడుగు మాట ఇది. ఎవరూ చూడకుండా చేతులు చూసుకున్నాను. ఇప్పుడీ పేరు సంగతి తెలిస్తే మళ్ళీ చచ్చేదాకా ఆ పిండి ముట్టుకోనివ్వరు. మాట సరేసరి.

తెలియకూడదు. అంతే.

మార్చి 16, శనివారం

పాపాలు ఒప్పుకోవడానికి చర్చికి వెళ్ళాను. ఇక్కడికి అరమైలు. దారంతా ఎలా చెప్పాలో అనుకుంటూనే వెళ్ళాను. తీరా వెళ్ళాక ఒక్క ముక్కలో వచ్చేసింది.

"ఫాదర్, మా అత్తగారి పేరు కుక్కకి పెట్టాను."

తెర వెనకాల కుర్చీ కిర్రుమంది.

"ఏ కుక్కకి?" అన్నారు ఫాదర్ కర్టిన్.

"చారలదానికి ఫాదర్. చిన్నదానికి."

"పొయ్యి పక్కన పెట్టెలో పడుకోబెట్టి సీసాతో పాలు పట్టావే, అదా? బతికిందన్నమాట! పరిగెడుతోందా?"

"పరిగెడుతోంది ఫాదర్."

"వంపు దగ్గర లోపలి పక్కకి వస్తుందా, బయటికి పోతుందా?"

"లోపలికే ఫాదర్."

"ఊఁ" అన్నారు. ఆ ఊఁ చాలా పొడుగ్గా ఉంది. తరవాత తానెక్కడున్నదీ గుర్తొచ్చినట్టు దగ్గి, "పేరు పెట్టడం పాపం కాదు. దాచడం బాలేదు. వెళ్ళి ఆవిడతో చెప్పు. మూడు ప్రార్థనలు చదువుకో" అన్నారు.

ప్రార్థనలు చదువుకున్నాను. రెండో సంగతి తరవాత చూద్దాం.

ఏప్రిల్ 3

మా ఆయన మలాకీకి దొరికిపోయాను. పరుపు ఎండలో వేస్తానని ఎత్తాడు. ఏ మొగుడైనా పరుపు ఎండలో వేస్తాడా! కార్డు చదివి మంచం మీద కూలబడ్డాడు. ఏడుస్తున్నాడేమో అనుకున్నాను. నవ్వుతున్నాడు. చప్పుడు రాకుండా దిండు మొహం మీద పెట్టుకుని మరీ నవ్వాడు.

"అమ్మ చంపేస్తుంది."

"నన్నా?"

"అందర్నీ. వరసలో నిలబెట్టి."

తరవాత కళ్ళు తుడుచుకుని, "కార్డు నా జేబులో ఉంటుందిలే. నాన్నకి చదివి వినిపించేది ఎలాగూ మనిద్దరమే. అమ్మ రేసులకి రాదు. అయినా అది గెలిస్తే కదా గాబీ ఎవరైనా దాని పేరు పట్టించుకునేది? ఓడిపోయిన కుక్క పేరు ఎవడిక్కావాలి?" అన్నాడు.

మంచి మాట చెప్పాడు.

మే 8

రేపు పిసరుకి మొదటి ట్రయల్ పరుగు. సాయంత్రం అది చాలా ఆకలిగా కనిపించింది. మామూలు రొట్టె, పులుసు అయ్యాక ఓట్స్ జావ ఇంకో గిన్నెడు పెట్టాను. తరవాత ఉడికించిన బంగాళాదుంపలు ఆరు. తరవాత వెన్న తీసిన మజ్జిగ. ఆకలితో చూస్తున్న నోటికి లేదని చెప్పడం నాకు చేతకాదు.

మే 9

అందరికంటే ముందొచ్చింది. పొట్ట ఊగిపోతూ, ఐదు బారల దూరంలో ముందొచ్చింది. మామగారు చేతి గడియారం ఆగిందేమోనని చెవి దగ్గర పెట్టుకుని విన్నారు.

"నిన్న దీనికేం పెట్టావమ్మాయ్?"

"మామూలే మామయ్యా. కాస్త బంగాళాదుంపలు."

"రేపట్నించి అన్నిటికీ అదే పెట్టు."

మే 10

ఐదు కుక్కలకి బంగాళాదుంపలు ఒలిచాను. చేతులు నల్లబడ్డాయి.

మే 26

మిగతా నాలుగింటికీ ఒళ్ళొచ్చింది. పిసరుకి రాలేదు.

జూన్ 14, శుక్రవారం

మొదటి రేసు. నేను రానన్నాను. మామగారు "పెంచినదానివి రాకపోతే ఎలా" అని బండెక్కించారు. అత్తగారు గుమ్మంలో నిలబడి, పిసరు కాళ్ళకి నూనె రుద్దారో లేదో తానే ఒకసారి తడిమి చూసి, "పరుగు మొదలయ్యే పెట్టె తలుపు చప్పుడికి బెదరకుండా చూడు" అన్నారు మలాకీతో. రేసు కుక్కల కాళ్ళు ఎలా ఉండాలో ఈ ఇంట్లో అందరికంటే ఆవిడకే బాగా తెలుసు. ఆవిడ చెయ్యి పిసరు వీపు మీద ఉంటే నేను చూడలేకపోయాను.

ఆరు కుక్కల్నీ జాకెట్లు తొడిగి, మూతులకి చిక్కాలు కట్టి వరసగా తిప్పారు. మైకులో పేర్లు చదువుతున్నారు. మూడోది ఏదో రాజు. తరవాత:

"నాలుగో పెట్టె, నల్ల జాకెట్టు, ట్వోహీ గారి నోనీ గిన్నెలు."

మా ఊరివాళ్ళు ఉన్న పక్క తలలన్నీ ఒక్కసారి లేచాయి. తరవాత ఎవడో విరగబడి నవ్వాడు. తరవాత అందరూ. మామగారు నాకేసి తిరిగారు. పైపు నోట్లోంచి తీశారు.

"మూడో గీతా?"

"మూడో గీతే మామయ్యా."

ఆయన చాలాసేపు ఆకాశంలోకి చూసి, "నాకు ఈ మధ్య చెవులు సరిగ్గా వినపడటం లేదు. ఇంటికెళ్ళాక కూడా వినపడవు" అన్నారు.

కుక్కలు వెంటపడే బొమ్మ కుందేలు కదిలింది. పెట్టెల తలుపులు లేచాయి. ఆ తరవాత అర నిమిషం పాటు నాకు అత్తగారూ లేరు, మామగారూ లేరు, పేరూ లేదు. మొదటి వంపులో నాలుగోది, రెండో వంపులో రెండోది. ఆఖర్న అది ఒక్కతే. మా పక్కవాళ్ళంతా ఒక్క గొంతుతో "గిన్నెలూ! గిన్నెలూ!" అని అరుస్తున్నారు. నేనూ అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

తరవాత గుర్తొచ్చి కూర్చుండిపోయాను.

జూన్ 15

కుక్కల గదిలో గడ్డి పల్చబడింది. ఇవాళ వచ్చిన పేపరు పరిచాను. అన్ని పేజీలూ, రేసు ఫలితాల పేజీ అన్నిటికంటే అడుగున.

జూన్ 16, ఆదివారం

పూజ అయింది. ఫాదర్ కర్టిన్ ఐదు నిమిషాల్లో ప్రసంగం ముగించారు. పందెం గెలిచినట్టు మొహం వెలిగిపోతోంది. బయటికి వస్తుంటే లూసీల ఇంటి ఇల్లాలు ఎదురొచ్చింది. వాళ్ళకీ కుక్కలున్నాయి. మొన్న మా వెనకాల మూడోది వచ్చింది వాళ్ళదే.

"ఏం నోనీ, నీ గిన్నెలు గెలిచాయటగా! ఊరంతా మోగిపోయిందటగా!" అంది.

అత్తగారు ఆవిడ్ని పైనుంచి కిందకి చూశారు. "నా గిన్నెలకేం, అల్మారాలో ఉన్నాయి" అన్నారు.

"అదేంటమ్మా, ఈ ముసలితనంలో నీ పేరు మైకులో చదివించుకుని తెలీనట్టు మాట్లాడతావూ? నాలుగో పెట్టె, నల్ల జాకెట్టు, నోనీ గిన్నెలు. మా ఆయన పొద్దున్నుంచీ పళ్ళెం మీద చెంచాతో కొట్టుకుంటూ అదే అంటున్నాడు."

అత్తగారు మామగారి కేసి చూశారు. ఆయనకి చెవులు వినపడలేదు. మలాకీ కేసి చూశారు. అతను బూట్ల కేసి చూసుకున్నాడు. నా కేసి చూడలేదు. నేను అలాంటిది చేస్తానని ఆవిడకి తోచనైనా తోచలేదు.

ఇంటికొచ్చాం. బంగాళాదుంపలు ఉడకేయడానికి పెద్ద కుండ పొయ్యి మీద పెట్టారు. గుడ్డు మీద గుడ్డు పెట్టినట్టు పెట్టారు.

జూన్ 17

చప్పుడు లేదు.

జూన్ 18

చప్పుడు లేదు. మూతలు రెండు చేతుల్తో పట్టుకుని దించుతున్నారు. కింద గుడ్డ మడిచి వేస్తున్నారు.

ఈ ఇల్లు దేని మీద నడుస్తోందో ఇన్నాళ్ళూ నాకు తెలీదు. తిండి వేళ అయిందని కుక్కలు తెలుసుకునేది పొద్దున ఆవిడ కుండ దించిన మోతతో. ఇప్పుడు వాటికి వేళ తెలీక పొద్దస్తమానం గుమ్మం కేసి చూస్తున్నాయి. కొన్ని పెట్టింది తినవు. మామగారు పొలంలోంచి భోజనానికి వచ్చేదీ ఆ మోత వినే. ఇవాళ మూడున్నరకి వచ్చి, "ఇంకా అవలేదనుకున్నాను" అన్నారు, చల్లారిన పళ్ళెం ముందు కూర్చుని. అవతలి గట్టు మీది వాళ్ళు ఇంట్లో ఎవరికైనా బాలేదా అని కబురు పంపించారు.

ఆవిడ మాట్లాడరు. ఇప్పుడు గిన్నెలు కూడా మాట్లాడవు. ఉన్న ఒక్క నోరూ నేనే కుట్టేశాను.

నేను రాసుకోవడానికి ఈ పుస్తకమైనా ఉంది.

జూన్ 20

మలాకీ నేరం తన మీద వేసుకున్నాడు. నేనేం చెప్పలేదు. నేను పాలు పితికి వచ్చేసరికి వాళ్ళమ్మ ముందు నిలబడి, "సరదాకి రాశానమ్మా" అంటున్నాడు. ఆవిడ తల ఊపారు. అప్పట్నించి అతని పళ్ళెంలో అన్నీ చల్లటివే. అందరికీ పొగలు కక్కే బంగాళాదుంపలు, అతనికి నిన్నటివి.

చెప్పేద్దామనే లేచాను. ఈలోగా దూడ అరిచింది.

జూన్ 21

మలాకీకి చల్లటి బంగాళాదుంపలంటే ఇష్టమేమో. ఎప్పుడూ చెప్పలేదంతే.

జూన్ 22

ఇష్టం లేదట. అడిగాను.

"మరి ఎందుకు ఒప్పుకున్నావు?"

"నీ మీద కోపం వస్తే ఎప్పటికి పోతుందో నాకు తెలీదు. నా మీద ఎంతకాలం ఉంటుందో తెలుసు. ఎనిమిదేళ్ళప్పుడు ఆవిడ టోపీలో కోడిపిల్లల్ని పెట్టాను. పదకొండు రోజులు" అన్నాడు.

జూన్ 24, సోమవారం

ఇంగ్లండ్ నుంచి థ్రెల్‌ఫాల్ అనే ఆయన వచ్చాడు, పిసరుని కొనడానికి. గెలిచినవాటిని అమ్మడమే మా పని. ఈ ఇంటికి వచ్చినప్పట్నించీ చూస్తున్నాను కదా. అది ఓడిపోవాలని దుంపలు పెట్టినదాన్ని, అమ్మేస్తారంటే ఏడవడానికి నాకు హక్కు ఉందో లేదో.

ఆయన వాకిట్లో పిసరు తొడలు నొక్కి చూశాడు, పళ్ళు చూశాడు, కార్డు పట్టుకుని గోళ్ళు ఒక్కొక్కటీ సరిచూశాడు. తరవాత అందరం వంటింట్లో కూర్చున్నాం. అత్తగారు మాకు వీపు పెట్టి పెద్ద కుండ తోముతున్నారు, చప్పుడు లేకుండా. మామగారు చేతులు రుద్దుకుంటున్నారు. నేను టీ పోస్తున్నాను.

"కుక్క సంగతి సరే. ముందు నన్ను లాగింది పేరు" అన్నాడు థ్రెల్‌ఫాల్, నవ్వుతూ. "మాంచెస్టర్‌లో మైకు వాళ్ళు మురిసిపోతారు. ఇంతకీ ఎవరండీ ఈ నోనీ?"

మామగారికి చెవులు వినపడలేదు. మలాకీ నోరు తెరిచాడు. అతని పళ్ళెం అతని ముందే ఉంది. దాని మీద నిన్నటి దుంప ఉంది.

"నేను రాశాను" అన్నాను.

ఎవరూ వినలేదనుకుంటాను. మళ్ళీ అన్నాను.

"మలాకీ కాదు. నేనే రాశాను అత్తయ్యా. మూడో గీత మీద. వస్తుందనుకోలేదు. ఆవేళ పులుసు పందులకి పోశానని మీరు... చెయ్యి దానంతటదే... కాదు. నేనే రాశాను. కావాలనే."

టీ ధార కప్పు దాటి సాసర్లో పడుతోందని థ్రెల్‌ఫాల్ చెప్పేదాకా చూసుకోలేదు.

అత్తగారు తోమడం ఆపారు. ఇటు తిరగలేదు. చేతిలో ఇనప మూత ఉంది. దాన్ని భుజం దాకా ఎత్తారు. ఎత్తి, కుండ మీద వేశారు.

అల్మారాలో కప్పులు గెంతాయి. వాకిట్లో కుక్కలన్నీ ఒక్కసారి లేచి మొరిగాయి, ఎనిమిది రోజుల తిండి వేళ ఒక్కసారే వచ్చినట్టు. థ్రెల్‌ఫాల్ టోపీ కింద పడింది.

"అడిగావుగా బాబూ" అన్నారు అత్తగారు, ఆయన కేసి తిరిగి. "ఇదీ నోనీ. ఇవీ గిన్నెలు. ఎక్కడో సముద్రం అవతల ఎవడో నా పేరు చెప్పుకుని నవ్వుతుంటే ఇక్కణ్ణించి నేను వాడినేం చెయ్యగలను? ఇక్కడ నవ్వితే ఎవడు నవ్వాడో నాకు తెలుస్తుంది. అది ఎక్కడికీ రాదు."

"నోనీ, కాస్త ఆలోచించు. మాట ఇచ్చేశాను" అన్నారు మామగారు.

"వినపడుతోందన్నమాట నీకు!" అన్నారావిడ.

మామగారు పైపు వెతుక్కోవడం మొదలెట్టారు. థ్రెల్‌ఫాల్ టీ బాగుందని చెప్పి వెళ్ళిపోయాడు. ఆయన తాగనే లేదు.

జూన్ 25

నాతో మాట్లాడటం లేదు. కానీ పొద్దున ఐదున్నర నుంచి గిన్నెలు మోగుతూనే ఉన్నాయి. నేను ఏ గదిలో ఉంటే ఆ గోడ వైపు. కుక్కలన్నీ వేళకి తిన్నాయి. మలాకీ దుంపల మీద పొగ లేస్తోంది. నా పళ్ళెంలోవి చల్లగా ఉన్నాయి. రెండోసారి కూడా పెట్టించుకుని తిన్నాను.

జూన్ 28

ఇవాళ పొద్దున నేను పిసరునీ, దాని తమ్ముళ్ళిద్దర్నీ రోడ్డు మీద నడిపించడానికి తాళ్ళు తీస్తుంటే అత్తగారు కోటు వేసుకుని వచ్చారు. పిసరు తాడు నా చేతిలోంచి తీసుకున్నారు. ఎందుకని నేనడగలేదు. ఆవిడ చెప్పలేదు.

రెండు మైళ్ళు నడిచాం. వాన వెలిసింది. మిట్ట మీదికి వచ్చాక కుక్కలు ఊపిరి పీల్చుకోవడానికి నిలబడ్డాం.

"నిజంగా అంత చప్పుడు చేస్తానా?" అన్నారు, రోడ్డు కేసి చూస్తూ.

లేదు అత్తయ్యా అన్న మాట నాలుక మీదికి వచ్చేసింది. ఈ ఇంట్లోకి వచ్చినప్పట్నించీ ఆవిడ ఏమడిగినా నేను చెప్పే జవాబు అదే.

"చేస్తారు అత్తయ్యా. పెళ్ళికి ముందు మా నాన్నతో పాలు పొయ్యడానికి వచ్చినప్పుడు వినేదాన్ని. పాలకేంద్రం దాకా వినపడుతుంది."

మిట్ట మీంచి పాలకేంద్రం పొగగొట్టం కనిపిస్తుంది. మా ఇంటికి మైలున్నర పైనే ఉంటుంది. ఆవిడ చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని దాని కేసి చూశారు. తరవాత వెనక్కి తిరిగి మా ఇంటి కప్పు కేసి చూశారు. మళ్ళీ పొగగొట్టం కేసి చూశారు.

"అంత దూరమా!" అన్నారు. "నేను చర్చి దాకానే అనుకున్నాను."